18 నుంచి 3.2కి దిగినట్టు కనిపించిన సీఆర్పీ: గుంటూరులో చూసిన ఒక కోవిడ్ కేసు

2021 మే నెలలో నా దగ్గరికి వచ్చిన ఒక పేషెంట్ గురించి రాస్తున్నాను. ఆయన, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలు లేకుండా వయసు, పని, కుటుంబ వివరాలు కొంచెం మార్చాను. రోజుల లెక్క, రిపోర్టుల్లో అంకెలు మార్చలేదు. ఈ కేసులో రెండు తప్పులు జరిగాయి. ఒకటి నాకంటే ముందు చూసినవాళ్లది, రెండోది నాది. రెండూ ఒకే రక్త పరీక్షను, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (మంట) ఎంతుందో చూపే సీఆర్పీని, చదవడంలో జరిగినవే. ఇప్పటికీ వైరల్ జ్వరాల సీజన్ మొదలైందంటే జనం సీఆర్పీ రిపోర్టు చేతిలో పట్టుకునే ఓపీకి వస్తున్నారు. అందుకే దీన్ని దాచుకోకుండా వివరంగా రాయాలనిపించింది.

మనిషి, ఇల్లు, మొదటి మూడు రోజులు

ఆయనకి యాభై దాటాయి. మిర్చి వ్యాపారంలో ఉన్న మనిషి. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, రెండు రకాల మాత్రలు వాడుతున్నారు, పరీక్ష మాత్రం ఎప్పుడో ఒకసారి. 45 ఏళ్లు దాటినవాళ్లందరికీ ఏప్రిల్ 1 నుంచి టీకా ఇస్తున్నా, సీజన్ అయ్యాక వేయించుకుందాంలే అని ఆగారు. మిర్చి టిక్కీల మధ్య పనిచేసేవాళ్లకి ఘాటుకి దగ్గు మామూలే. దాంతో మొదటి రెండు రోజుల దగ్గుని ఇంట్లో ఎవరూ లెక్కచేయలేదు. ఒళ్లునొప్పులు, జ్వరం వచ్చాకే అనుమానం వచ్చింది. జబ్బు ఏ రోజు మొదలైందన్నది కోవిడ్‌లో చాలా ముఖ్యం కాబట్టి నేను తర్వాత అడిగి అడిగి, ఒళ్లునొప్పులు వచ్చిన రోజునే ఒకటో రోజుగా పెట్టుకున్నాను. ఇందులో ఒక రోజు అటూ ఇటూ ఉండొచ్చు.

మూడో రోజు స్వాబ్ పాజిటివ్ వచ్చింది. జ్వరం 101, ఆక్సిజన్ 98, ఆయాసం లేదు. ఇంట్లో ఒక గదిలో వేరుగా ఉండి, పారాసిటమాల్ వేసుకుని, ఆక్సీమీటర్ చూసుకుంటూ, షుగర్ అదుపులో పెట్టుకుంటే ఆ దశలో సరిపోతుంది. కానీ ఆ రోజుల్లో ఊరంతా ఉన్న భయం మీకూ గుర్తుండే ఉంటుంది. బంధువుల్లో ఒకరికి బెడ్ దొరక్క ఏమైందో చూసిన కుటుంబం అది. దగ్గర్లోని ఆర్ఎంపీ సలహా మీద ఆ రోజే ఛాతీ సీటీ స్కాన్, దాంతోపాటు "కోవిడ్ ప్యాకేజీ" చేయించారు. సీబీపీ (రక్త కణాల లెక్క), సీఆర్పీ, డీ-డైమర్ (రక్తం గడ్డకడుతోందేమో చూసేది), ఫెరిటిన్, ఎల్డీహెచ్, ఐఎల్-6, ఒక్క విడతలో అన్నీ.

సీటీ స్కోరు 25కి 4, అంటే ఊపిరితిత్తులకి తగిలింది కొద్దిగానే. సీఆర్పీ 18, రిపోర్టులో మామూలు హద్దు 5 లోపు అని ఉంది. 18 పక్కన బోల్డ్‌లో "హై" అని ప్రింట్ అయింది. ఆ ఒక్క మాట చూసి ఇంట్లో ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టారట. నాలుగో రోజు నుంచి మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ 16 మిల్లీగ్రాముల మాత్ర పొద్దునొకటి, రాత్రొకటి మొదలైంది.

ఆ 18 ఏం చెప్పింది?

నిజానికి పెద్దగా ఏమీ చెప్పలేదు. సీఆర్పీ మన లివర్ తయారుచేసే ప్రోటీన్. ఒంట్లో ఎక్కడైనా ఇన్ఫెక్షనో దెబ్బో తగిలి ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి మంట, మొదలైతే రోగనిరోధక కణాలు ఐఎల్-6 లాంటి పదార్థాలను రక్తంలోకి వదులుతాయి. ఆ కబురు అందుకున్న లివర్ సీఆర్పీని రక్తంలోకి పంపుతుంది. ఆరు నుంచి ఎనిమిది గంటల్లో పెరగడం మొదలై, రెండు రోజుల్లో బాగా పైకి చేరుతుంది. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ దీన్ని మొదట గుర్తించింది న్యుమోనియా రోగుల రక్తంలోనే. అంటే ఊపిరితిత్తుల జబ్బుతో దీనికి మొదటి నుంచీ సంబంధం ఉంది. కానీ పంటి చిగుళ్లు వాచినా, కీళ్లవాతం ఉన్నా, కాలి మీద పుండున్నా పెరుగుతుంది. ఊబకాయం ఉన్నవాళ్లలో, పొగ తాగేవాళ్లలో మామూలుగానే కొంచెం ఎక్కువ ఉంటుంది. మంట ఎంత ఉందో చెబుతుంది, ఎక్కడుందో, ఎందుకుందో చెప్పదు.

జ్వరం వచ్చిన మూడో రోజున వైరల్ ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి సీఆర్పీ 18 ఉండటంలో వింత లేదు. కోవిడ్‌లో ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం ఎక్కువగా రెండో వారం మొదట్లో, అంటే ఏడో రోజు తర్వాత కనిపిస్తుంది. మూడో రోజు అంకె రెండో వారం సంగతి ఖాయంగా చెప్పలేదు. పోల్చుకోవడానికి ఒక మొదటి మెట్టుగా మాత్రం పనికొస్తుంది.

ఇక ఆక్సిజన్ 98 ఉన్న మనిషికి స్టెరాయిడ్ ఎందుకు ఇవ్వకూడదన్నది అప్పటికే తెలిసిన విషయం. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్ ఫలితాలు 2020 జూన్‌లోనే వచ్చాయి. డెక్సామెథసోన్ ఇచ్చినప్పుడు వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3కి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లలో 26.2 నుంచి 23.3కి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లలో లాభమే కనిపించలేదు. మందు ఇచ్చినవాళ్లలో 17.8 శాతం, ఇవ్వనివాళ్లలో 14 శాతం చనిపోయారు. ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చు, కానీ అటువైపు మొగ్గు చూపిన అంకె అది. 2021 మే మొదట్లో ఎయిమ్స్ డైరెక్టర్‌గా ఉన్న రణదీప్ గులేరియా కూడా జబ్బు స్వల్పంగా ఉన్నప్పుడు సీటీ స్కాన్లు, తొలి రోజుల్లో స్టెరాయిడ్లు వద్దని బహిరంగంగానే చెప్పారు. అయినా మందుల షాపు కౌంటర్ దాకా ఆ మాట చేరలేదు.

స్టెరాయిడ్ పడిన మర్నాడే జ్వరం పోయింది. ఆకలి పుట్టింది. "మందు అమృతంలా పనిచేసింది" అనుకున్నారు ఇంట్లో. షుగర్ మాత్రం ఆ ఐదు రోజుల్లో ఒక్కసారీ చూడలేదు.

నా తప్పు

ఎనిమిదో రోజు రాత్రి పదిన్నరకి పెద్దబ్బాయి ఫోన్ చేశాడు. వాళ్ల తాతగారు నా పాత పేషెంట్, ఆ పరిచయం. ఆరో రోజు ఇంకో ల్యాబ్‌లో సీఆర్పీ మళ్లీ చేయించారని చెప్పి, రెండు రిపోర్టులూ వాట్సాప్‌లో పెట్టాడు.

"సార్, నాన్నకి సీఆర్పీ 18 ఉండేదండి, 3.2కి దిగింది. తగ్గినట్టే కదండీ? కాకపోతే కొంచెం నీరసంగా ఉందంటున్నారు."

ఆక్సిజన్ ఎంతుందని అడిగాను. కూర్చుని చూస్తే 95 అన్నాడు. ఫోటో తెరిచాను. రెండో రిపోర్టు వంకరగా తీశారు, కుడి అంచు ఫోటోలో పడలేదు. పట్టుకున్నవాళ్ల బొటనవేలు అంకె పక్కనున్న యూనిట్ల వరస మీద ఉంది. నాకు 3.2 కనిపించింది, పైన సీఆర్పీ అన్న పేరు కనిపించింది. 18 తర్వాత 3.2 అంటే దిగినట్టేనని నా కళ్లు కూడా ఒప్పేసుకున్నాయి. "మంచిదేనయ్యా, బోర్లా పడుకోమను, నీళ్లు తాగించండి, పొద్దున మళ్లీ చెప్పు" అని పెట్టేశాను. అలసట ఉన్నమాట నిజమే. అయినా "ఒకసారి నడిపించి చూడు" అనడానికి పది సెకన్లు పట్టదు. అది నేను అనలేదు. ఏ అంకె వల్ల అనలేదో నాకు బాగా తెలుసు.

తొమ్మిదో రోజు పొద్దున బాత్రూమ్‌కి వెళ్లి వచ్చేసరికి ఆయనకి ఆయాసం వచ్చింది. ఆక్సీమీటర్ 87 చూపించింది. ఆస్పత్రికి తీసుకొచ్చేసరికి కూర్చుని ఉన్నప్పుడే 91, నిమిషానికి 28 సార్లు ఊపిరి. మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. అబ్బాయి ఫైల్ నా చేతికిచ్చాడు. అప్పుడు ఆ రెండో కాగితాన్ని మొత్తంగా చూశాను.

మొదటి ల్యాబ్ సీఆర్పీని లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చెప్పింది. రెండో ల్యాబ్ డెసిలీటరుకి చెప్పింది. కాగితం మీద తేడా అల్లా "ఎల్" ముందు ఒక చిన్న "డీ" అక్షరం. లీటరుకి పది డెసిలీటర్లు. అంటే 3.2ని పదితో గుణించాలి. ఆరో రోజు ఆయన సీఆర్పీ 32. రిపోర్టులో మామూలు హద్దు కూడా 0.5 లోపు అని స్పష్టంగానే ఉంది. ల్యాబ్ తప్పు ఏమీ లేదు. రెండు పద్ధతులూ వాడుకలో ఉన్నవే. స్టెరాయిడ్ వాడుతున్నా అది 18 నుంచి 32కి పెరిగింది. ఆ పెరుగుదల రెండు రోజులు మా అందరి కళ్లముందే ఉండి కూడా ఎవరికీ కనపడలేదు.

ఆ రోజు మా దగ్గర చేయించిన సీఆర్పీ లీటరుకి 86 మిల్లీగ్రాములు.

చేరిన రోజు నిర్ణయాలు

బెడ్ దొరకడమే అదృష్టం అనుకునే రోజులవి. చేర్చుకోగానే మాస్కుతో ఆక్సిజన్ మొదలుపెట్టాం. అప్పటి కేంద్ర మార్గదర్శకాల లెక్కలో ఆక్సిజన్ 90 నుంచి 93 మధ్య ఉన్నా, శ్వాస నిమిషానికి 24 దాటినా అది మధ్యస్థ దశ. అలాంటివాళ్లకి సీఆర్పీ, డీ-డైమర్ 48 నుంచి 72 గంటలకోసారి చూడమని అందులోనే ఉంది. ఇప్పుడు స్టెరాయిడ్‌కి సరైన సమయం వచ్చింది. కారణం 86 అన్న అంకె కాదు, ఆక్సిజన్ పడిపోవడం. డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాములు రోజుకి ఒక్కసారి, గరిష్ఠంగా పది రోజులు అని రాసిపెట్టాను. రక్తం గడ్డకట్టకుండా ఎనాక్సాపారిన్ 40 మిల్లీగ్రాములు చర్మం కింద రోజుకొకటి. మెలకువగా ఉండగానే వీలైనన్ని గంటలు బోర్లా పడుకోబెట్టడం.

షుగర్ 386 ఉంది. దాన్ని చూసినప్పుడు నాకు సీఆర్పీ చూసినప్పటికంటే ఎక్కువ టెన్షన్ వచ్చింది. ఇన్సులిన్ డ్రిప్ పెట్టి గంటగంటకీ చూడమన్నాం. ఐదు రోజుల స్టెరాయిడ్, అదుపులేని షుగర్ కలిస్తే ఆ నెలలో మేమందరం భయపడింది బ్లాక్ ఫంగస్‌కి. అందుకే ప్రతి పూటా టార్చి వేసి ముక్కు, నోటి పైకప్పు, కళ్ల చుట్టూ చూశాం. చెంప మొద్దుబారిందా అని అడుగుతూ వచ్చాం. ఆ గండం మాత్రం ఆయనకి రాలేదు.

మిగతా పరీక్షల గురించి ఒక మాట. సీబీపీలో న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అనే రెండు రకాల తెల్ల కణాల నిష్పత్తి మూడో రోజు 2.2, ఇప్పుడు 9.6. ఈ నిష్పత్తి పెరిగేకొద్దీ జబ్బు తీవ్రమయ్యే అవకాశం ఎక్కువని చాలా పరిశోధనల్లో తేలింది. పైగా ఖర్చు లేని లెక్క, మామూలు సీబీపీలోనే దొరుకుతుంది. కానీ స్టెరాయిడ్ ఒక్కటే చాలు, న్యూట్రోఫిల్స్‌ని పెంచి లింఫోసైట్స్‌ని తగ్గించడానికి. ఐదు రోజులుగా స్టెరాయిడ్ మింగిన మనిషిలో 9.6లో జబ్బు వాటా ఎంతో, మందు వాటా ఎంతో విడదీయలేం. తొందరపడి ఇచ్చిన స్టెరాయిడ్ అలా మనకున్న చవకైన కొలబద్దని కూడా పాడుచేసింది. డీ-డైమర్‌లోనూ యూనిట్ల తిరకాసే. మొదటి రిపోర్టులో 640, రెండోదాంట్లో 1.1. ఒకటి నానోగ్రాముల్లో, ఇంకొకటి మైక్రోగ్రాముల్లో. 1.1 అంటే 1100, ఒకటిన్నర రెట్లకి పైనే. కాళ్లలో వాపు, నొప్పి లేవు కాబట్టి గడ్డకట్టకుండా ఇచ్చే డోసులోనే ఉంచాను. ఫెరిటిన్ 890 ఉంది. షుగర్, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో అది వేరే కారణాలతోనూ పెరుగుతుంది, దాన్నిబట్టి నేను మార్చబోయే మందు ఏదీ లేదు, అందుకని మళ్లీ చేయించలేదు. ఐఎల్-6 కూడా అంతే.

ఒకటే ల్యాబ్, ఒకటే యూనిట్ అని కేస్ షీట్ మీద రాసి గీత గీశాను.

వైరస్ మీద వాడే రెమ్డెసివిర్ ఇంజెక్షన్ కోసం అబ్బాయిలిద్దరూ గుంటూరు, విజయవాడ అంతా తిరుగుతున్నారని సిస్టర్ చెప్పింది. పిలిచి కూర్చోబెట్టాను. తొమ్మిదో రోజు దాటుతోంది, ఆ మందు మొదటి పది రోజుల్లోపు కొందరికి ఇవ్వొచ్చు, కానీ ప్రాణం దాని మీద నిలబడి లేదు, బ్లాక్‌లో ఏ సీసాలో ఏముందో తెలియకుండా కొనొద్దు అని చెప్పాను. ఆ తిరుగుడు మానేసి నాన్న పక్కన కూర్చుని బోర్లా పడుకోబెట్టమన్నాను. పీపీఈ వేసుకుని ఒకరు నిజంగానే రోజుకి ఆరేడు గంటలు అదే పని చేశారు.

పదకొండో రోజు

పదో రోజు నాన్ రీబ్రీదర్ మాస్కు మీద 12 లీటర్లకి వెళ్లాం. పదకొండో రోజు హై ఫ్లో మెషీన్ మీద 70 శాతం ఆక్సిజన్ ఇస్తే గానీ 92 నిలబడలేదు. సీఆర్పీ 118.

ఇక్కడ రెండు దారులు నా ముందుకొచ్చాయి. స్టెరాయిడ్‌ని పల్స్ డోసుకి, అంటే ఒక్కసారిగా చాలా ఎక్కువ మోతాదుకి, పెంచుదామని ఒక సహోద్యోగి సలహా. ఐఎల్-6ని అడ్డుకునే టోసిలిజుమాబ్ ఇద్దామని ఇంకొకరు. రెండో మాటకి బలం ఉంది. రికవరీ ట్రయల్‌లో ఆక్సిజన్ తక్కువుండి, సీఆర్పీ 75 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లకే ఆ మందు ఇచ్చి చూశారు. 28 రోజుల్లో మరణాలు 35 శాతం నుంచి 31కి తగ్గాయి. మా పేషెంట్ ఆ గీత దాటారు. ఒక రక్త పరీక్ష అంకె మందు ఇవ్వాలా వద్దా అన్నదాన్ని నిర్ణయించే అరుదైన సందర్భం ఇది.

అయినా ఇవ్వలేదు. స్టెరాయిడ్ నాలుగో రోజు నుంచి ఒంట్లో ఉంది. షుగర్ ఆ రోజే 200 లోపుకి వచ్చింది. రోగనిరోధక శక్తిని ఇంకా అణచితే ఫంగసో బ్యాక్టీరియానో లోపలికి వస్తే ఆపే దారి ఉండదేమోనన్న భయం. దానికితోడు ఆ వారం మందు మార్కెట్‌లో దొరకడం లేదు. చేతికి అందే చోట ఉంటే నేను ఏం చేసేవాణ్నో ఇప్పుడు ఖాయంగా చెప్పలేను, బహుశా ఇచ్చేవాణ్నేమో. పల్స్ డోసు మాత్రం వద్దని గట్టిగానే అన్నాను. అప్పటికి ఉన్న గట్టి ఆధారం 6 మిల్లీగ్రాముల డెక్సాకే ఉంది, దాన్ని ఎన్నో రెట్లు పెంచితే మేలు ఎక్కువవుతుందనడానికి నా దగ్గర ఏమీ లేదు, షుగర్ మాత్రం మళ్లీ చేయి దాటుతుంది.

ఇరవై నాలుగు గంటలు చూద్దామన్నాను. ఆ ఒక్కసారే సీఆర్పీ మర్నాడే చేయించాను, 109 వచ్చింది. 118కీ 109కీ తేడా చిన్నదే, పరీక్షలో ఉండే సహజమైన ఊగిసలాటే అనుకోవచ్చు. కానీ పెరుగుదల ఆగింది. రక్తంలో సీఆర్పీ సగానికి తగ్గడానికి సుమారు 19 గంటలు పడుతుంది. లివర్ తయారీ పూర్తిగా ఆపేసి ఉంటే మర్నాటికి 50 దగ్గరికి రావాలి. 109 అంటే మంట ఇంకా ఉంది, కానీ కొత్తగా రాజుకోవడం లేదు. ఊపిరి వేగం 32 నుంచి 28కి దిగింది. ఆ రెండూ కలిపి చూసి ఆగాను. పద్నాలుగో రోజు 52. పదహారో రోజు 21.

గమనించాల్సింది ఏంటంటే, పద్నాలుగో రోజు సీఆర్పీ సగమైనా ఆక్సిజన్ అవసరం ఇంకా 60 శాతం దగ్గరే ఉంది. పదిహేనో రోజు 45కి దిగింది, పదిహేడో రోజుకి మామూలు మాస్కు మీద 4 లీటర్లకి వచ్చారు. మంట చల్లారాక కాలినచోటు మానడానికి టైం పడుతుంది. ఆ మధ్య రోజుల్లో "సీఆర్పీ తగ్గింది కదా, ఐసీయూ నుంచి మార్చేయండి" అని అడిగిన కుటుంబానికి ఇదే చెప్పాను.

పద్దెనిమిదో రోజు

ఆ రోజుతో డెక్సా పది రోజులూ అయిపోతుంది. పొద్దున వచ్చిన సీఆర్పీ 74. రెండు రోజుల క్రితం 21.

వార్డులో అందరి నోటా ఒకటే మాట, మళ్లీ సైటోకైన్ స్టార్మ్ (రోగనిరోధక శక్తి అదుపుతప్పి ఒంట్లో మంట ఎగసిపడటం). స్టెరాయిడ్ ఆపొద్దు, ఇంకో వారం ఇద్దాం అని డ్యూటీ డాక్టర్. సరిగ్గా అదే రోజు హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల ద్వారా టోసిలిజుమాబ్ ఒక వయల్ దొరికిందని అబ్బాయి పరుగెత్తుకొచ్చాడు. "సార్, 75 దాటితే ఇవ్వాలన్నారు కదండీ, 74 అంటే దాదాపు అంతే కదా" అన్నాడు. అతని చేతిలో చిన్న థర్మోకోల్ పెట్టె ఉంది. వారం రోజుల క్రితం దాని కోసమే వెతికాం. కాదనడం చాలా కష్టమైంది.

కానీ లెక్క కుదరడం లేదు. ఆక్సిజన్ అదే 4 లీటర్లు, 95. ఊపిరి వేగం 20. ఊపిరితిత్తుల్లో మంట మళ్లీ లేచి ఉంటే ముందు ఊపిరే చెప్పాలి. మారింది వేరే. నాడి 84 నుంచి 112కి పెరిగింది. మూడు రోజులుగా 160 దగ్గర నిలకడగా ఉన్న షుగర్, ఇన్సులిన్ మార్చకపోయినా 290కి వెళ్లింది. జ్వరం లేదు, స్టెరాయిడ్ మీద ఉన్న మనిషికి జ్వరం లేకపోవడం ధైర్యం చెప్పదు. తెల్ల కణాలు 17,400. ఎక్స్‌రేలో కొత్త మచ్చ లేదు. ప్రోకాల్సిటోనిన్ పంపాను. వైరస్ జబ్బుల్లో అది సాధారణంగా తక్కువే ఉంటుంది, బ్యాక్టీరియా రక్తంలోకి దిగితే బాగా పెరుగుతుంది. చేరిన రోజు 0.14 ఉన్నది ఇప్పుడు 2.6.

అది వచ్చేలోపే మనిషిని తల నుంచి కాలి దాకా మళ్లీ చూద్దామని దుప్పటి తీశాను. పీపీఈలో, రెండు గ్లౌజుల్లో, ఆవిరి పట్టిన ఫేస్ షీల్డ్‌లోంచి రోజూ చూసే చూపు ఎంతో మీకు తెలుసు. ఎడమ ముంజేతికి ఐదు రోజుల క్రితం పెట్టిన క్యానులా (నరంలోకి మందులెక్కించే సన్నని గొట్టం) ఉంది. దాని మీద టేపు పొరలు పొరలుగా అంటించి ఉంది, అంచులు నల్లబడ్డాయి. టేపు మెల్లగా ఊడదీస్తుంటే ఆయన చేయి వెనక్కి లాక్కున్నారు. కింద చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది, మోచేయి వైపు తాడులా గట్టిపడిన నరం చేతికి తగిలింది. క్యానులా లాగగానే రంధ్రంలోంచి చిన్న చీము బొట్టు వచ్చింది.

"నొప్పిగా ఉందని చెప్పలేదేంటండీ?" అని అడిగాను.

"ఊపిరి ఆడితే చాలనుకున్నానండి. చెయ్యిదేముంది" అన్నారు.

రక్తం రెండు చోట్ల నుంచి కల్చర్‌కి పంపి, వాంకోమైసిన్ మొదలుపెట్టాం. స్టెరాయిడ్ అనుకున్న ప్రకారం ఆ రోజుతో ఆపేశాం. థర్మోకోల్ పెట్టె తెరవలేదు. కల్చర్ సీసాలు రెండింట్లోనూ స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పెరిగింది, మామూలు మందులకి లొంగే రకం. అప్పుడు సెఫాజోలిన్‌కి మార్చాం. 48 గంటల తర్వాత మళ్లీ పంపిన కల్చర్‌లో ఏమీ పెరగలేదు. గుండె కవాటాల మీద చేరిందేమోనని ఎకో చేయించాం, బాగుంది. అక్కడి నుంచి పద్నాలుగు రోజులు యాంటీబయాటిక్. సీఆర్పీ రెండు రోజులకి 58, నాలుగు రోజులకి 24.

ఈ రోజు గురించి నేను తర్వాత చాలాసార్లు ఆలోచించాను. పదకొండో రోజు టోసిలిజుమాబ్ ఇచ్చి ఉంటే ఏమయ్యేది? ఆ మందు ఐఎల్-6 పనిని అడ్డుకుంటుంది. ఐఎల్-6 కబురు అందకపోతే లివర్ సీఆర్పీని తయారుచేయదు. ఒంట్లో ఎంత మంట ఉన్నా వారాల తరబడి సీఆర్పీ తక్కువగానే కనపడుతుంది. పద్దెనిమిదో రోజు పొద్దున మాకు 74 బదులు 4 వచ్చి ఉండేది. జ్వరాన్ని స్టెరాయిడ్ దాచేది, సీఆర్పీని టోసిలిజుమాబ్ దాచేది. టేపు ఇంకో రెండు రోజులు అలాగే ఉండిపోయేదేమో. ఆ మందు చెడ్డదని నేను అనడం లేదు, తర్వాత సరైనవాళ్లకి ఇచ్చాను, పనిచేసింది. ఇచ్చాక సీఆర్పీని నమ్మకూడదని, రోజూ ఒళ్లంతా చూడాలని జూనియర్లకి చెబుతూ ఇస్తాను.

నా అలవాట్లలో మారినవి

వాట్సాప్‌లో రిపోర్టు వస్తే కాగితం నాలుగు మూలలూ కనపడేలా మళ్లీ తీసి పంపమంటాను. యూనిట్ చదవకుండా అంకెకి జవాబు చెప్పను. వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించమంటాను. ప్రతి సీఆర్పీ పక్కన జబ్బు మొదలై ఎన్నో రోజో రాస్తాను, స్టెరాయిడ్ పడిందా లేదా రాస్తాను. ఒకటే అంకె చూసి ఏదీ మొదలుపెట్టను, రెండు ఉంటే మధ్యలో ఏం జరిగిందో అడుగుతాను. సీఆర్పీ పెరిగి ఊపిరి మారకపోతే ఛాతీ బయట వెతుకుతాను, క్యానులా, యూరిన్ ట్యూబు, వీపు మీద పుండు, పళ్లు. సీఆర్పీ దిగి ఊపిరి చెడితే కాళ్లు, డీ-డైమర్, గుండె వైపు చూస్తాను.

ఇప్పుడు వస్తున్న ఫ్లూ జ్వరాల్లో నడుస్తూ వచ్చిన మనిషికి మొదటి మూడు రోజుల్లో నేను సీఆర్పీ రాయడం లేదు. ఆక్సిజన్ చూస్తాను, వరండాలో ఆరు నిమిషాలు నడిపించి మళ్లీ చూస్తాను. మూడు నాలుగు పాయింట్లు పడితే అప్పుడు పరీక్షలు, ఎక్స్‌రే. జ్వరం తగ్గి మూడు నాలుగు రోజులకి మళ్లీ వస్తే, కఫం రంగు మారితే, అప్పుడు సీఆర్పీ, ప్రోకాల్సిటోనిన్ నిజంగా అక్కరకొస్తాయి. ఫ్లూ మీద బ్యాక్టీరియా న్యుమోనియా వచ్చిందేమో అన్న అనుమానానికి అవి బలం ఇస్తాయి. పెద్దవాళ్లు, గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్ల విషయంలో ఇంకొంచెం ముందుగానే చూస్తాను.

ఆర్ఎంపీలతో కూడా మాట్లాడుతుంటాను. ఊళ్లో మొదట పిలిచేది వాళ్లనే, రాత్రి రెండింటికి తలుపు తీసేది వాళ్లే. "సీఆర్పీ హై వస్తే ఏం వెయ్యాలి సార్" అని అడిగేవాళ్లకి, మందు పేరు చెప్పకుండా "నడిపించారా, షుగర్ చూశారా" అని అడుగుతాను. కొందరు ఇప్పుడు ఆ రెండూ చూసే ఫోన్ చేస్తున్నారు.

ఆయన ముప్పై ఐదో రోజు ఇంటికి వెళ్లారు. ఆరు వారాల తర్వాత చూపించుకోవడానికి వచ్చారు. రాత్రి ఇన్సులిన్ ఇంకా సాగుతోంది, పరగడుపు షుగర్ 128. నేను అడగకపోయినా పెద్దబ్బాయి సీఆర్పీ చేయించుకొచ్చాడు. కాగితం టేబుల్ మీద పరిచి, యూనిట్ కింద పెన్నుతో గీత గీసి చూపించాడు. లీటరుకి 2.1 మిల్లీగ్రాములు. ఆయన్ని వరండాలో ఆరు నిమిషాలు నడవమన్నాను. 97తో బయల్దేరి 95తో వచ్చి కూర్చున్నారు. ఎడమ చొక్కా చేయి పైకి మడిచి చూశాను, ముంజేతి మీద మచ్చ ఇంకా నల్లగానే ఉంది, నొక్కితే నొప్పి లేదన్నారు.